పచ్చ సబ్బు

ఆ ఉదయం స్రవంతి పెట్టుకున్న పని చిన్నదే. స్నానాల గదిలో అరిగిపోయిన గులాబీరంగు సబ్బుముక్కను చెత్తబుట్టలో పడేసి, కొత్త తెల్లసబ్బు పెట్టడం. ఆసుపత్రిలో నర్సు గనక సబ్బుముక్కలంటే ఆమెకు ఒళ్లుమంట. "పాత ముక్క కొత్త సబ్బుకి అంటించినోళ్లకి ఈ ఇంట్లో కాఫీ లేదు" అని మొగుడికీ అత్తకీ కలిపి ఒకేసారి చెప్పి డ్యూటీకి వెళ్లింది.

సాయంత్రం వచ్చి చూస్తే తెల్లసబ్బు వీపున గులాబీముక్క అతుక్కుని ఉంది. పొద్దున తన చేత్తో పారేసిందే.

"ఎవురు అంటించినారు?"

"నాకేం తెలుసు?" అన్నాడు లాడ్జిలో గుమాస్తాగా పనిచేసే భర్త హరినాథ్.

"నాకేం పని ల్యాకనా?" అంది అత్త నిర్మలమ్మ.

స్రవంతి దాన్ని గిల్లి పారేసింది. మర్నాడు మళ్లీ ఉంది. ఈసారి పక్కన పసుపురంగు ముక్క కూడా ఉంది. ఆ ఇంట్లో పసుపురంగు సబ్బు ఎవరూ వాడరు.

అప్పట్నించి ఆ గదిలోకి వెళ్లాలంటే ముగ్గురికీ గుండె దడే. కొళాయి కట్టేసినా, లోపల ఎవరో తడిచేతులు రుద్దుకుంటున్న చప్పుడు వినిపించేది. వాడేకొద్దీ సబ్బు అరగడం లోకరీతి. ఇది మాత్రం పెరుగుతోంది.

"కాణిపాకం సామి పెరిగితే మహిమ. సబ్బు పెరిగితే ఏమనుకోవాల?" అంది నిర్మలమ్మ.

ఆ చప్పుడు కొళాయిదేమో చూడడానికి ఇంటి ఓనరు దామోదరం వచ్చినప్పుడు, ఇంతకుముందు ఈ ఇంట్లో ఎవరుండేవారని స్రవంతి అడిగింది.

"సుబ్బులమ్మని ఒగాయమ్మ ఉండె. పాపం, ఆ గదిలోనే జారిపడి పోయింది. తునక సబ్బు కూడా పారేసే మనిషి కాదమా. పచ్చసబ్బంటే ప్రాణం ఆయమ్మకి."

ఆయన వెళ్లాక ముగ్గురూ పసుపురంగు ముక్క వంక చూశారు.

"ఇల్లు ఖాళీ చేసి మళ్లీ ఏర్పేడుకే పోదాం పదండి" అంది నిర్మలమ్మ.

స్రవంతి ప్రాణం ఉసూరుమంది. ఈ ఇల్లు ఆసుపత్రికి కూతవేటు దూరం. ఏర్పేడులో ఉన్నన్నాళ్లూ డ్యూటీ దిగి, బస్సులో నిలబడి నిద్రపోతూ ఇల్లు చేరేది. తిరుపతి అంతా చెప్పులరిగేలా తిరిగి సంపాదించుకున్న ఇల్లు ఇది. దెయ్యానికి ఎలా వదిలేస్తుంది?

"సరే అత్తా. ముందు ముగ్గురమూ కాణిపాకం పోయి, ఆ ముక్కలు ముట్టలేదని ప్రమాణం చేద్దాం. ఆమైన సామాను నేనే సర్దతా."

కాణిపాకంలో దొంగప్రమాణం చేస్తే ఏమవుతుందో ఆ ప్రాంతంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. మర్నాడు బయల్దేరి తలుపుకి తాళం వేస్తుంటే హరినాథ్ గడపమీద కూలబడ్డాడు.

"పసుపుది నేనే. లాడ్జిలో యాత్రికులు వదిలేసి పోయినవి పారేసేదానికి మనసు రాల. గులాబీది మాత్రం నేను కాదు, దేవుడి తోడు!"

"గులాబీది నేన్రా, నాయనా! బుట్టలోనుంచి తీసినా" అంది నిర్మలమ్మ లెంపలు వేసుకుంటూ. "ఆ పసుపుది చూసేగదా నాకు పానం పోయింది!"

ఒకరి ముక్కకి ఒకరు భయపడ్డారన్నమాట. స్రవంతి కడుపుబ్బ నవ్వింది. ఇల్లు దక్కిన సంతోషంలో శిక్ష రద్దు చేసి అందరికీ కాఫీ కలిపింది. అంతలో కొత్త కొళాయి పట్టుకుని దామోదరం వస్తే ఆయనకీ ఒక గ్లాసు ఇచ్చి సంగతంతా చెప్పింది.

"పసుపుదా?" అన్నాడాయన అయోమయంగా. "నేను చెప్పింది పచ్చది గదమా. ఆకుపచ్చ. మా ఊరు అరవదేశం పక్కన. పచ్చంటే మాకు అదే."

ఎవరి కాఫీ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. స్నానాల గదిలోంచి మెల్లగా, తడిచేతులు రుద్దుకుంటున్న చప్పుడు.

స్రవంతి వెళ్లి తలుపు తోసింది. లోపల ఎవరూ లేరు. గులాబీముక్క, పసుపుముక్క, వాటి పక్కన ఇంకా నురగ ఆరని ఆకుపచ్చ ముక్క.

ఈసారి ఎవరూ ఎవర్నీ అడగలేదు. స్రవంతి అటకమీది సూట్‌కేసు తానే దించింది.

నిర్మలమ్మ సబ్బును తిప్పి తిప్పి చూసింది. అతుకు ఎక్కడా కనిపించనంత నున్నగా ఉంది. ఆమె మొహంలో భయం పోయి మెప్పు వచ్చింది.

"పెట్టె పైన పెట్టు. యాడికీ పోయేది ల్యా" అంది కోడలితో. "పారేసే కోడలికన్నా మిగిలించే దెయ్యం మేలు."

వాళ్లు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. సబ్బు మాత్రం మళ్లీ కొనలేదు.