బ్రెల్నాకు శనాదివారాలు సెలవు

బ్రెల్నా నగరంలో చూడదగ్గ కట్టడాలన్నీ శనివారం తెల్లారేసరికి సెలవు మీద సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోతాయి కనుక, ఆ రెండు రోజులూ నగరం చూడటానికి వచ్చినవాళ్ళే వాటి స్థానంలో నిలబడాలి. ఇందులో వింతేమీ లేదు. కొన్ని వందల ఏళ్ళు వారానికి ఏడు రోజులూ నిలబడిన పెద్ద చర్చి, రాతి వంతెన, గడియారపు గోపురం, ఫౌంటెను, నగర స్థాపకుడి విగ్రహం కలిసి యూనియన్ పెట్టుకున్నాయి. మూడేళ్ళకు పైగా చర్చలు జరిపి రెండు రోజుల సెలవు సాధించుకున్నాయి. జనం ఎక్కువగా వచ్చేది శనాదివారాల్లోనే కదా అని అధికారులు అంటే, అందుకే ఆ రోజుల్లోనే సెలవు కావాలని వంతెన చెప్పిందట. అడగనిదే అమ్మైనా పెట్టదు, వంతెనని తప్పు పట్టడానికి లేదు.

ఏర్పాటు కూడా సులువే. శనివారం కట్టడాలుగా నిలబడినవాళ్ళు ఆదివారం తిరిగి చూడొచ్చు. శనివారం చూసినవాళ్ళు ఆదివారం నిలబడాలి. ఈ పంపకమంతా రైల్వే స్టేషను పక్కనున్న పర్యాటక కార్యాలయంలో ఓర్షా అనే ఉద్యోగిని చూసుకుంటుంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమె మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. రాజభవనంగా పెట్టిన ఒక పెద్దమనిషికి తుమ్మొచ్చి, బాల్కనీలో ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళు కింద పడ్డారు.

అక్టోబరులో ఒక శనివారం ఉదయం, సరిహద్దుకు అవతల జర్మనీలోని ఒక చిన్న ఊరి నుంచి నలుగురు తెలుగు విద్యార్థులు రెండు రోజుల విహారానికి వచ్చి ఆ కార్యాలయం ముందు లైన్లో నిలబడ్డారు. నలుగురినీ విద్యార్థులు అనడం మర్యాద కోసమే. కందుకూరు వైపు నుంచి వచ్చిన మాలకొండయ్యకి చదువు పూర్తయి ఏడాది దాటింది. అతను మూడు వందల పన్నెండు కంపెనీలకు దరఖాస్తు పెట్టాడు. మూడు వందల పన్నెండూ అతని భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటూ జవాబు రాశాయి. ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ దేశం ఇచ్చిన గడువు ఇంకో తొమ్మిది వారాల్లో తీరిపోతుంది. తీరాక సామాను సర్దుకోవాల్సిందే. ఆ దిగులుతో అతను గదిలోంచి బయటికి రావడం మానేస్తే, నాలుగు వింతలు చూస్తే మనసు కుదుటపడుతుందని ఈ ప్రయాణం పెట్టించింది ఖమ్మం అమ్మాయి హిమజ. ఆమె గడువు అతనికన్నా నాలుగు వారాలు ఎక్కువ. గుంటూరు నౌషాద్‌కి ఇంకా చదువు మిగిలుంది కాబట్టి అతను సంతోషంగా ఉన్నాడు. నాలుగోవాడు కరీంనగర్ శశిధర్, అందరికీ సీనియర్. ఆ ఊళ్ళో ఏ తెలుగువాడి దరఖాస్తు అయినా శశిధర్ చేతి మీదుగా వెళ్ళాల్సిందే.

ఓర్షా ఇచ్చిన ఫారంలో ఎత్తు, బరువు, పావురాలంటే భయం ఉందా లేదా అన్న ప్రశ్నలయ్యాక, కదలకుండా నిలబడిన అనుభవం ఎన్నేళ్ళు అని ఉంది. కొండయ్య పెన్ను అక్కడ ఆగింది.

"నాకు లేదు గదన్నా. సున్నా ఏస్తండా," అన్నాడు.

"సున్నా ఏస్తవా? ఎక్స్‌పీరియన్స్ కాలమ్‌ల ఎవడన్న సున్నా ఏస్తడారా?" శశిధర్ ఫారం లాక్కున్నాడు. "మూడేండ్లు రాయాలె. రెండంటే ఫ్రెషర్ అంటరు. ఐదంటే డౌటొస్తది."

"ఒక్కరోజు నిలబడేదానికి కూడా అబద్ధం దేనికన్నా?"

"అలవాటు తప్పొద్దు తమ్మీ."

మనవాళ్ళు ఫారంలో తండ్రి పేరన్నా ఖాళీగా వదులుతారేమో గానీ అనుభవం కాలమ్‌ని వదలరు. శశిధర్ నలుగురికీ మూడేళ్ళ చొప్పున రాసిపెట్టాడు. పనిచేసిన చోటు కింద, భూమ్మీద ఎక్కడా లేని త్రినేత్ర స్టోన్ వర్క్స్ అని రాశాడు. మేనేజరు ఫోన్ నంబరు అడిగిన చోట తన రెండో సిమ్ నంబరు వేశాడు. ఆ సిమ్ ఇలాంటి అవసరాల కోసమే అతని జేబులో పడి ఉంటుంది.

హిమజకి గడియారపు గోపురం వచ్చింది. గంట గంటకీ టైము గట్టిగా చెప్పాలి. నౌషాద్ ఫౌంటెను అయ్యాడు, శశిధర్ వంతెన అయ్యాడు. అనుభవం అందరికీ సమానంగానే ఉన్నా, పావురాలంటే భయం లేదని రాసింది కొండయ్య ఒక్కడే కాబట్టి పాత కూడలిలో స్థాపకుడి విగ్రహం అతనికి వచ్చింది. తొమ్మిదడుగుల పీఠం మీద కుడిచెయ్యి పడమటికి చాచి నిలబడాలి.

"ఏ రాయైతే ఏందిలే, పళ్ళూడగొట్టుకునేదానికి," అని కొండయ్య మెట్లెక్కాడు.

మధ్యాహ్నానికి ఏడు గుంపులు వచ్చి వెళ్ళాయి. అతను నగరం కట్టాడని, సొంత తమ్ముణ్ణి కోటలో బంధించాడని, పడమటి శత్రువుల్ని వేలితో చూపిస్తున్నాడని గైడ్లు చెప్తుంటే కొండయ్య శ్రద్ధగా విన్నాడు. మూడింటికి, పదకొండు రోజుల్లో ఎనిమిది దేశాలు చూసే ప్యాకేజీలో వచ్చి, ఊళ్ళో గంటసేపే ఉంటారు కనుక నిలబడే వంతు పడని ఒక విజయవాడ జంట పీఠం దగ్గర ఆగింది.

"ఈయనెవరండీ?" అంది ఆవిడ.

"ఎవరో రాజులే. నిలబడు, ఫొటో తీస్తా."

"మొహం మనవాళ్ళ మొహంలా లేదూ?"

"రాయిలో మనవాళ్ళు, పరాయివాళ్ళు ఏంటే?"

"ఏవండీ, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి."

"మంచు పడుంటది. పద పద, బస్సెళ్ళిపోద్ది."

మంచు కాదు. కొండయ్య నిజంగానే ఏడ్చాడు. ఏడాదిలో మొదటిసారి ఆ రోజు అతన్ని ఉద్యోగం వచ్చిందా అని ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళంతా తలెత్తి చూశారు. నిలబడినందుకు ఒకరిద్దరు పూలు కూడా పెట్టారు. ఆ సంతోషం అతను తట్టుకోలేకపోయాడు.

ఆదివారం వాళ్ళు చూసే వంతు. ఒక కొరియా జంట చర్చి జంట శిఖరాలుగా చాలా ఓపిగ్గా నిలబడింది. బ్రెజిల్ నుంచి వచ్చిన రిటైర్డు పోస్ట్‌మ్యాన్ వంతెనగా వంగి ఉంటే, వీళ్ళు చెప్పులు విప్పి అతని మీదుగా నడిచారు. హిమజ అన్నిటినీ ఫొటోలు తీసింది. కొండయ్య మాత్రం ఏదీ సరిగ్గా చూడలేదు. తిరిగి తిరిగి పాత కూడలికే వెళ్ళి, పీఠం మీద ఉన్న పోలండ్ కుర్రాడితో చెయ్యి ఇంకాస్త పైకెత్తమని చెప్పాడు.

సాయంత్రం ఐదింటికి కట్టడాలు సెలవు ముగించుకుని వచ్చాయి. చర్చి ఎండకి ఎర్రబడింది, దాని గుమ్మాల్లో ఇసుక ఉంది. గడియారపు గోపురం పది నిమిషాలు వెనకబడింది. స్థాపకుడి విగ్రహం మాత్రం రాలేదు, ఉత్తరం పంపింది. "నేను ఇసుకలో కూర్చున్నాను. కూర్చోవచ్చని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఇక లేవలేను, క్షమించండి," అని అందులో ఉంది.

సోమవారం ఎనిమిదింటికల్లా పీఠం మీద ఎవరో ఒకరు ఉండాలి. ఓర్షా ఫైళ్ళు తిరగేసి, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడిన నలుగురినీ వెనక్కి పిలిపించింది. కొండయ్యకి విగ్రహం ఉద్యోగం శాశ్వతంగా ఇస్తామని, అనుభవం ఒకసారి సరిచూసుకోవాలని చెప్పి, ఫారంలో ఉన్న మేనేజరు నంబరుకు ఫోన్ చేసింది.

శశిధర్ జేబు మోగింది. అతను మర్యాదగా లేచి, తలుపు అవతలికి వెళ్ళి, గొంతు బొంగురు చేసి ఇంగ్లీషులో మాట్లాడాడు. మాలకొండయ్య మూడేళ్ళు తమ దగ్గర రాయిగా పనిచేశాడని, ఒక్కసారి కూడా కదల్లేదని, అలాంటివాణ్ణి వదులుకున్నందుకు సంస్థ ఇప్పటికీ బాధపడుతోందని చెప్పాడు. తలుపు అద్దంలోంచి అతను చేతులు ఊపుతూ మాట్లాడటం అందరికీ కనిపిస్తూనే ఉంది. ఓర్షా 'సంతృప్తికరం' అని రాసుకుంది.

తర్వాత ఆమె షరతులు చదివింది. వారానికి ఐదు రోజులు, శనాదివారాలు సెలవు. మొదటి ఆరు నెలలు ప్రొబేషను. ఆ కాలంలో కాళ్ళూ చేతులూ గట్టిపడితే కంగారు పడక్కర్లేదు, పని వంటబడుతోందని అర్థం. నివాస అనుమతికి గడువు ఉండదు, రాయిగా ఉన్నంతకాలం చెల్లుతుంది.

"డిపెండెంట్లను తెచ్చుకోనిస్తరేమో అడుగు," అన్నాడు శశిధర్.

కొండయ్య అడిగాడు. పీఠం కొలతలు చూసి, ఒక కుక్కకు చోటుందని ఓర్షా చెప్పింది.

హిమజకి అక్కడే ఒళ్ళు మండిపోయింది. "కొండయ్యా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఇంకా తొమ్మిది వారాలుంది. నేనూ కూర్చుంటా, రోజూ పదేసి అప్లికేషన్లు పెడదాం. నువ్వు మనిషివి. ఎంటెక్ చదివి వచ్చినోడివి. రాయిగా నిలబడతావా?"

"మనిషిగా మూడొందల పన్నెండు చోట్ల నిలబడ్డా గదా హిమజా," అన్నాడు కొండయ్య. "ఒక్కరన్నా తలెత్తి చూశారా?"

హిమజ ఏడ్చింది. ఆమెకి కొండయ్యంటే చాలా ఇష్టం, కానీ ఆ ఇష్టం మీద ఎవరూ నివాస అనుమతి ఇవ్వరు. కొండయ్య సంతకం పెట్టాడు. ఓర్షా అతని చెయ్యి ఒకసారి పట్టి చూసి, బాగానే చల్లగా ఉందని మెచ్చుకుంది.

రైలు ఎక్కేలోపే శశిధర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వార్త పెట్టాడు. మన కొండయ్యకి బ్రెల్నా నగరపాలక సంస్థలో పర్మనెంటు ఉద్యోగం వచ్చిందని, కష్టానికి ఫలితం ఎప్పటికైనా ఉంటుందని రాశాడు. రాత్రయ్యేసరికి నూట నలభై మంది అభినందించారు. అరవై ముగ్గురు రెజ్యూమె పంపి రెఫరల్ పెట్టమన్నారు. పావురాల గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు.

మరుసటి శనివారం కొండయ్యకి మొదటి సెలవు. మిగతా కట్టడాలు సముద్రానికి బయల్దేరితే అతను రైలెక్కి మధ్యాహ్నానికి స్నేహితుల గదికి వచ్చాడు. సీట్లో పట్టలేదని సామాన్ల పెట్టెలో నిలబడి వచ్చాడట. మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా బూడిదరంగు తిరిగింది. కుడిచెయ్యి పడమటికే చాచి ఉంది. దాని వల్ల గుమ్మంలోంచి పక్కకు తిరిగి రావాల్సొచ్చింది.

"మావా, అదిరిపోయావు," అన్నాడు నౌషాద్. "హెచ్ఆర్ వాళ్ళ నంబరుందా?"

హిమజ గోంగూర పప్పు వండింది. కొండయ్య ప్లేటు పట్టుకోలేడని తనే పట్టుకుని, ఎడమచేతి వైపు నిలబడింది. కూర్చోమని రెండుసార్లు చెప్పింది.

"వద్దు, అలవాటైపోయింది," అన్నాడు కొండయ్య. "బాగుంది హిమజా. ఎవరూ ఏమీ అడగరు. పొద్దున్నే ఎండ తగులుద్ది. మొదటి రెండు రోజులే గుండెకాయ కొట్టుకోడం ఇనపడింది."

శశిధర్, నౌషాద్ కూల్‌డ్రింకులు తేవడానికి కిందకి దిగారు. గదిలో ఇద్దరే మిగిలారు. హిమజకి ఆ ఉదయమే మూడు కంపెనీలు ఆమె భవిష్యత్తు బాగుండాలని రాశాయి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ముద్ద కలిపి అతని నోటి దాకా తెచ్చి, కిటికీ వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"అక్కడ ఇంకేమన్నా ఖాళీలున్నాయా?"

కొండయ్య మెడ తిప్పడానికి కొంచెం టైము పట్టింది.

"గడియారపు గోపురం ఈ ఏడాదితో రిటైరవుతుందంటన్నారు. పేరు చెప్తాలే," అన్నాడు. "కదలకుండా ఎంతసేపుండగలవు?"

ముద్ద పట్టుకున్న హిమజ చెయ్యి అప్పటికి చాలాసేపటి నుంచి గాల్లోనే ఆగి ఉంది.