మూడో గ్లాసు మహిమ

ఎండకు విరుగుడు ఏసీ అని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు జాలేస్తుంది. మండుటెండలో గోల్ఫు ఆడి, ఐసు వేసిన విస్కీ కాక్‌టెయిల్ తాగని జన్మ కూడా ఒక జన్మేనా?

మీరు మొహం చిట్లిస్తున్నారని తెలుసు. అసలు గోల్ఫంటే ఏమనుకున్నారు? బంతిని కొట్టడం క్షణం పని, దాన్ని వెతకడం పూట పని. వెతికి వెతికి మనిషికి దాహం వేస్తుంది. గొంతు చల్లబడ్డాక మంచివాడవుతాడు. మంచివాడయ్యాక మాటిస్తాడు. దేశాలే ఇలా నడుస్తుంటే మా ఆఫీసెంత!

తయారీ బ్రహ్మవిద్యేం కాదు. చల్లారిన టీ డికాషన్, నిమ్మరసం, దంచిన అల్లం, కాస్త పుదీనా, తగినంత విస్కీ, గ్లాసు నిండా ఐసు. తగినంత అంటే ఎంతని అడక్కండి. అది తాగేవారి హోదాను బట్టి ఉంటుంది.

నాకు గోల్ఫు రాదు. ఆఫీసు పార్టీలో ఒకసారి ఈ పానీయం కలిపిన పాపానికి, క్షమించాలి, పుణ్యానికి, ఆదివారం వస్తే మా మేనేజరు గారి వెనకాల ఐసుపెట్టె మోసే భాగ్యం దక్కింది. సీసా ఆయనది, చెమట నాది.

ఎందుకు మోస్తున్నానంటారా? మా ఆఫీసు హాలుకి రేకుల కప్పు. ఏసీ పోయిన ఎండాకాలంలోనే కన్ను మూసింది. ఫ్యాను వేస్తే వేడిగాలి, ఆపితే ఉక్క. మేనేజరు గారి గదిలో ఏసీకి మాత్రం మంచి ఆరోగ్యం. పాపం, ఆయన స్వెట్టరు వేసుకుని పనిచేస్తారు.

బిల్లుల సెక్షన్‌లో మా అక్క ఒకావిడ ఉంది. తోడబుట్టింది కాదుగానీ హాలందరికీ అక్కే. నెలలు నిండుతున్న మనిషి. మొన్నొక మధ్యాహ్నం కళ్లు తిరిగి కుర్చీలోనే ఒరిగిపోయింది. నీళ్లు చల్లితే తేరుకుని, "తమ్ముడూ, ఆదివారం ఆయన్ని కాస్త గట్టిగా అడగరా" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అడగలేదనుకున్నారా? ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాను. మూడో గ్లాసు దగ్గర మా మేనేజరు గారు దానకర్ణుడే! "ఒక్కటేంటయ్యా, రెండు ఏసీలు పెట్టిద్దాం. రేపే" అంటారు. సోమవారం వెళ్లి గుర్తు చేస్తే, "నేనన్నానా? నిన్న కాస్త ఎక్కువైందయ్యా, ఏమన్నానో గుర్తులేదు" అంటారు. ఎంత నిజాయితీ!

చివరికి అక్కే ఉపాయం చెప్పింది. "తప్పు ఆయనది కాదురా, మందుది. ఈసారి అది పొయ్యకుండా కలిపి ఇయ్యి. తెలివిలో ఉండి ఇచ్చిన మాటైతే తెల్లారినా ఉంటుంది."

సరేనన్నాను. ఆ ఆదివారం సీసా మూత తియ్యలేదు. రంగు కోసం డికాషన్ చిక్కగా కాచాను. పుదీనా రెండాకులు ఎక్కువే వేసి గ్లాసు అందించాను.

మొదటి గుక్కకే ఆయన కళ్లు మూసుకుని, "ఈ రోజు బాగా స్ట్రాంగ్‌గా పడిందయ్యా" అన్నారు. రెండో గ్లాసుకి బంతిని వదిలేసి గడ్డిని కొట్టారు. మూడో గ్లాసుకి నాలుక మడతపడింది. నా భుజం మీద చెయ్యేసి, "ఒట్టు. ఆ అమ్మాయి కుర్చీకి ఎదురుగానే పెట్టిస్తా ఏసీ" అన్నారు. తూలుతుంటే నడిపించుకెళ్లి కార్లో కూర్చోబెట్టాను. నిమ్మరసానికి తూలిన మహానుభావుణ్ని మీరెప్పుడైనా చూశారా?

సోమవారం ధైర్యంగా గదిలోకి వెళ్లాను. ఆయన స్వెట్టరులో ముడుచుకుని కణతలు నొక్కుకుంటున్నారు.

"సార్, ఏసీ..."

"మెల్లగా మాట్లాడు, తల పగిలిపోతోంది. నిన్న కాస్త ఎక్కువైంది. ఏమన్నానో గుర్తులేదు."

ఏం చెప్పను? 'సార్, మీరు తాగింది టీ నీళ్లు' అంటే నా ఉద్యోగం కూడా నీళ్లలో కలుస్తుందని నాకు తెలుసు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి బయటికొచ్చాను. ఒళ్లు మండిపోయింది, అది ఎండ వల్ల కాదు.

కాబట్టి పాఠకులారా, ఈ కాక్‌టెయిల్‌లో విస్కీ తప్పనిసరి కాదని మనవి. కుర్చీ పెద్దదైతే నిమ్మరసమూ ఎక్కుతుంది, మరుపూ దానంతటదే వస్తుంది.

ఆ ఆదివారం మూత తియ్యని సీసా ఐసుపెట్టెతో పాటే వచ్చేసి, ఇప్పుడు మా హాలు బీరువాలో ఉంది. నిన్న ఉక్కకు తట్టుకోలేక ఎవరో, "మనమైనా తలో గుక్క వేసుకుని ఎండ సంగతి మర్చిపోదాం" అన్నారు. అక్క ఫైలుతో విసురుకుంటూ బీరువాకి తాళం వేసేసింది.

"వద్దు. ఆయన ఏమన్నారో మనకైనా గుర్తుండాలి."