మూడు కాళ్ల లేడి, ముందే కుట్టించిన రిపోర్టు

ఒక పెద్ద అడవిలో ఒక యానిమేషన్ కళాశాల ఉండేది. అందులో అందరికంటే పెద్ద వయసు విద్యార్థినిని నేనే. ముళ్లపందిని. పేరు కంటకమ్మ.

మా అడవిలో మోదుగాకుల మీద బొమ్మలు గీసి, దొంతిగా పేర్చి, గుహలో మిణుగురుల వెలుగు ముందు గబగబా తిప్పుతారు. బొమ్మ కదులుతుంది. గీయడం నాకు కష్టం కాదు, కలాలు నా వీపు మీదే మొలుస్తాయి. చిక్కంతా ఆఖరి పేపరుతోనే. సినిమాకు అరవై మార్కులు, ‘ప్రేక్షకుల అభిప్రాయాల నుంచి నేర్చుకున్నది’ అనే రిపోర్టుకు నలభై. ఆ నలభైలో రెండేళ్లుగా నాకు సున్నా.

ఎవరైనా నా బొమ్మకు వంక పెడితే నా ముళ్లు వాటంతటవే లేస్తాయి. వంక పెట్టినవాళ్లు మాట మధ్యలోనే లేచి వెళ్లిపోతారు. ఇక నేర్చుకునేదేముంది?

ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తామని శాఖాధిపతి అడవిదున్న మహిషయ్యగారు చెప్పేశారు. మనిషి, అదే, దున్న మంచివారే. దారి కూడా ఆయనే చూపించారు.

“పొగడ్తలు రాసుకొస్తే లాభం లేదు కంటకమ్మా. వాళ్లు తప్పు చూపించారు, నేను దిద్దుకున్నాను అని ఉండాలి. కనీసం మూడు తప్పులు.”

మూడు తప్పులే కదా, వాటి కోసం ప్రేక్షకుల మీద ఆధారపడటం దేనికి అనుకున్నాను.

ముందు సినిమా మొత్తం తప్పు లేకుండా పూర్తిచేశాను. అడవి అంటుకుంటే ఒక లేడిపిల్ల ఏరు దాటి బతకడం కథ. నక్క దొరగారు ఒడ్డున నిలబడి సాయం పంపుతానని మాటిస్తూ ఉంటారు. చివర్లో నిమిషం సేపు ఒక ఆకు రాలుతుంది. ఆ ఆకుకే నాలుగు నెలలు పట్టింది. నా కళంతా అందులోనే ఉంది.

తరవాత కూర్చుని దానికి ఒక నకలు గీసి, ఆ నకలును పాడుచేశాను. లేడిపిల్లకు ఒక కాలు గీకేశాను. నక్క మాట్లాడేటప్పుడు నోరు కదలకుండా చేశాను. సూర్యుణ్ణి పడమట పొడిపించాను. ఇవి ప్రేక్షకులు పట్టుకుంటారు, నేను వినయంగా ఒప్పుకుంటాను, ముందే సిద్ధంగా ఉన్న మంచి సినిమా బయటికి తీస్తాను. రిపోర్టు కూడా ఆ రోజే రాసేశాను. ‘ఒక పెద్దావిడ లేడి కాలు సంగతి చెప్పి నా కళ్లు తెరిపించారు’ అన్న వాక్యం నాకే చాలా నచ్చింది. గిజిగాళ్ల దగ్గర మూడు కాపీలు కుట్టించాను.

అప్పుడు ప్రేక్షకులను పిలిచాను. ముప్పైమంది దాకా వచ్చారు.

సూర్యుణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. నక్కను చూసి కొండముచ్చు పొట్ట పట్టుకుని నవ్వింది. నోరు మెదపకుండా మాటివ్వడం అచ్చం మా పేట నక్కగారి పద్ధతేనని, ఇంత నిజం ఎలా పట్టానని మెచ్చుకున్నది. ఇక మిగిలింది కాలు. ముందు వరసలో ఒక ముసలి దుప్పి కళ్లు తుడుచుకుంటూ ఉంటే దగ్గరికి వెళ్లాను.

“లేడికి కాళ్లెన్ని ఉన్నాయో చూశావా పెద్దమ్మా?”

“చూశానమ్మా, మూడే. మా చెల్లెలికీ మూడే. మావాళ్లను బొమ్మలో చూడటం ఇదే మొదలు.”

అది తప్పని చెప్పించుకోవడానికే ఆమెను పిలిచాను.

ఇంతలో వెనక నుంచి ఒక కుందేలు, అంతా బాగుంది గానీ పిన్నీ, ఆ ఆకు కింద పడేలోపు నేనొక కునుకు తీశాను అన్నది. గుహంతా ఘొల్లుమన్నది. నా ముళ్లు లేచాయి. గుహ ఖాళీ అయింది.

లేడిని మూడు కాళ్లతో అలాగే ఉంచి, ఆకు తీసేస్తే సరిపోయేది. ఆ మాత్రం నాకు తెలిసింది. కుట్టిన రిపోర్టు గిజిగాళ్లు విప్పరని నాకు నేనే చెప్పుకున్నాను. బతిమాలితే విప్పేవాళ్లే. ఆకును వదులుకోవడం నా వల్ల కాలేదు.

పరీక్ష రోజున ముసలి దుప్పి చెల్లెల్నీ, మంద మొత్తాన్నీ వెంటబెట్టుకుని వచ్చింది. పొరుగడవి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఎలుగుబంటి, బొమ్మకు వీపు పెట్టి కూర్చుని రిపోర్టు చదువుకున్నది. బొమ్మలో లేడిపిల్ల నాలుగు కాళ్లతో చక్కగా పరుగెత్తింది. నక్క నోరు అక్షరం అక్షరానికీ కదిలింది. ఆకు రాలడం మొదలైంది. అది నేలకు చేరేసరికి గుహలో నేను, మహిషయ్యగారు, రిపోర్టులో ఆఖరి పేజీ తిప్పుతున్న ఎలుగుబంటి మిగిలాం.

నాకు తొంభై రెండు మార్కులు వచ్చాయి. ప్రేక్షకుల మాటను ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థిని తన సర్వీసులో చూడలేదని ఎలుగుబంటి అన్నది.

బయట దుప్పి నా కోసం ఆగి ఉంది. పక్కనే చెల్లెలు.

“ఆ కాలెందుకు అతికించావమ్మా?”

“నువ్వు చెప్పావనే పెద్దమ్మా.”

“నేనా?”

చెల్లెలు వెనక్కి తిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది. మూడు కాళ్ల మీద అంత వేగం నేనెప్పుడూ గీయలేదు.

ఈ ఏడు నుంచి ఆ పేపరు పాఠం చెప్పేది నేనే.

నీతి: ప్రేక్షకుల మాట తప్పకుండా వినాలి, కాకపోతే వాళ్లు మాట్లాడకముందే వినేయాలి.