నిలకడ పరీక్ష

పిల్లల నిలకడను కొలిచేందుకు బడివారు ఒక ఎర్ర బల్బు కొన్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బల్బు వెలగగానే పిల్లలు మీట నొక్కాలి. ప్రతిసారీ ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కల మాస్టారు రాసుకుంటారు; తేడా లేకపోతే నిలకడ ఉన్నట్టు.

తొమ్మిదో తరగతి పిల్ల, అందరూ తూనీగ అని పిలిచే అమ్మాయి, మొదటిసారి రెప్పపాటులో నొక్కింది. రెండోసారి ఆరు సెకన్లు పట్టింది. అప్పుడు పైకప్పు మీద బల్లి పురుగును పట్టబోతోంది. ఏమవుతుందో చూడకుండా నొక్కడం ఆమెకు అన్యాయమనిపించింది. మూడోసారి మళ్లీ రెప్పపాటే.

“ఇది పొగరూ కాదు, బద్ధకమూ కాదు. ఈ పిల్లకు ధ్యాస నిలవడం కష్టం. అందుకే వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. మధ్యమధ్యలో విరామం ఇవ్వండి” అని, వాళ్లమ్మ తీసుకెళ్లి చూపిస్తే డాక్టరమ్మ రాసిచ్చింది. హెడ్మాస్టారు ఆ కాగితాన్ని ఎంతో గౌరవించి, ఫైలులో పెట్టి, ఫైలును బీరువాలో పెట్టి, తాళం వేశారు.

శుక్రవారం తల్లిదండ్రుల ఎదుట మళ్లీ పరీక్ష. ఈసారీ తేడా వస్తే తూనీగ విరిగిన కుర్చీల గదిలో ఒంటరిగా చదువుకోవాలి.

“ఒక్కదాన్నే కూర్చోబెడితే చదువే మానేస్తుంది సార్,” అంది బట్టలు కుట్టే వాళ్లమ్మ.

“మానినా నిలకడగా మానాలమ్మా,” అన్నారు హెడ్మాస్టారు.

అందరూ ఎప్పుడూ వేగంగా ఉండలేరని, అందరూ ఎప్పుడూ నిదానంగా మాత్రం ఉండగలరని డ్రిల్లు మాస్టారు రెండు రోజుల్లో కనిపెట్టారు. బల్బు వెలిగాక పది లెక్కపెట్టి నొక్కడమే కొత్త పద్ధతి.

“ఒసేయ్, ఎనిమిది దగ్గర కిటికీలోంచి బయటికి చూడకే!” అని పక్కపిల్ల గిల్లేది. చెయ్యి కందిపోయాక తూనీగకూ పది వచ్చేసింది.

శుక్రవారం హాలు నిండింది. బల్బు వెలిగింది. పిల్లలందరూ లోలోపల లెక్కపెడుతున్నారు. మూడు దగ్గర వైరులోంచి పొగ, వెంటనే మంట, పక్కనున్న తెరకు అంటుకుంది. తూనీగ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. స్విచ్ ఆపేసి, అంటుకున్న తెరను లాగి, కింద పడేసి తొక్కేసింది. మిగతా పిల్లలు పది పూర్తిచేసి, ఆరిపోయిన బల్బుకు ఒక్కసారిగా మీటలు నొక్కారు.

హెడ్మాస్టారు మైకు అందుకున్నారు. “మంటల్లోనూ చెక్కుచెదరని మా పిల్లల నిలకడను కళ్లారా చూశారు! తప్పింది ఒక్కరే. సోమవారం నుంచి ఆమె వేరే గదిలో కూర్చుంటుంది.”

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో చొక్కా అంచు కాలిన పెద్దాయన తూనీగ తల నిమిరి, “నీ పుణ్యాన బతికాం తల్లీ” అన్నాడు. గుమ్మం దాటాక భార్యతో మెల్లగా చెప్పాడు: “వేరే గదిలో పెట్టడమే మంచిదైంది. లేకపోతే మనమ్మాయికి కూడా లెక్క మధ్యలో లేచే ఆ అలవాటు వచ్చేది.”