తెల్లది, ఎర్రది, నా ముక్కు

మా హోటల్లో నన్ను అందరూ ముక్కుగారూ అని పిలుస్తారు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది కానీ, జీతం ఇచ్చే రోజున తప్ప దానితో ఎవరికీ పని పడదు. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలంటే కాస్త మొహమాటంగా ఉంది. గొంతు పోయిన గాయకుడంటే జాలిపడతారు. ముక్కు పోయిన ముక్కుగారంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. నవ్వండి, పరవాలేదు. చివరిదాకా విని నవ్వండి.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా నాన్న కూరగాయల మార్కెట్లో బస్తాలు దించేవాడు. బస్తా మూతి విప్పకుండానే అడుగున ఒక దుంప కుళ్లిందని చెప్పేవాడు. ఆ బస్తాల వాసన నాకు అంటకూడదని ఒళ్లు హూనం చేసుకుని చదివించాడు. తీరా నేను పట్టా పట్టుకుని హోటల్లో సరుకులు కొనే ఉద్యోగంలో చేరితే, వాళ్లు పట్టా వంక ఒకసారి చూశారు, ముక్కు వంక రోజూ చూశారు. చేప నిన్నటిదా ఇవాళ్టిదా, నూనె ఒకసారి కాగిందా రెండుసార్లు కాగిందా, నేను వాసన చూసి తలూపితే చాలు, సరుకు లోపలికి వెళ్లిపోయేది. డిగ్రీ నాది, ముక్కు మా నాన్నది. జీతం మాత్రం ముక్కుకే పెరుగుతూ వచ్చింది.

అలాంటి ముక్కు ఒక జలుబుతో పోయింది.

జలుబు వచ్చింది, నాలుగు తుమ్ములు తుమ్మించింది, పోయింది. పోతూ పోతూ, వెళ్లేటప్పుడు చేతికందింది సర్దుకుపోయే చుట్టంలా, ఇంట్లో వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది. ఉప్పూ పులుపూ నాలుకకు తెలుస్తూనే ఉన్నాయి. మిగతాదంతా సున్నా. కాఫీ అంటే వేడివేడి చేదునీళ్లు. కూర అంటే మెత్తటి ఉప్పు.

డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. "తిరిగొస్తుంది. ఎప్పుడని మాత్రం అడక్కండి" అన్నాడు. నేను అడగలేదు. ఇంట్లో చెప్పనూ లేదు.

ఎందుకు చెప్పలేదంటారా? మా ఆవిడ సంగతి మీకు తెలియదు. చిన్నపిల్లల బడిలో టీచరు. నేను తుమ్మితే ఆవిడ దుప్పటి తెస్తుంది. ముక్కు పోయిందంటే ఉద్యోగం పోతుందని, ఉద్యోగం పోతే ఇల్లు ఎలాగని, ఇల్లు లేకపోతే తన పూలకుండీలు ఎక్కడ పెట్టుకోవాలని, ఒక్కో మెట్టూ దిగుతూ పాతాళానికి చేరి, అక్కడ కుండీల పక్కన కూర్చుని దిగులుపడుతుంది. నేను ఆ ప్రయాణం తప్పిద్దామనుకున్నాను. భర్తగా అది నా బాధ్యత అని కూడా అనుకున్నాను.

దానికి నేను వేసిన పథకం చాలా చిన్నది. ఏది పెడితే అది నోట్లో పెట్టుకుని, వెంటనే బాగుందనడం.

"కూర ఎలా ఉంది?"

"అద్భుతం."

"కాఫీ?"

"కమ్మగా ఉంది."

"అది ఇంకా తాగలేదు కదండీ."

"చూస్తేనే తెలుస్తోంది."

ఆవిడ నా వంక కాసేపు చూసి వంటింట్లోకి వెళ్లేది. లోపల మురిసిపోతోందనుకున్నాను.

ఇలా రోజులు సాఫీగా దొర్లుతుండగా మా హోటల్ యజమాని పిలిచాడు. మేమాయన్ని పెద్దాయన అంటాం.

"ముక్కుగారూ, మన భోజనశాలలో కొత్తగా రెండు వైన్లు పెడుతున్నాం. బర్గండీ తరహావి. తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి. వడ్డించేవాళ్లందరినీ కూర్చోబెట్టి రెంటికీ తేడా నువ్వే చెప్పాలి. రంగు తేడా కాదు. అది కళ్లున్నవాడెవడైనా చెబుతాడు."

బర్గండీ అంటే ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఒక ప్రాంతం. అక్కడ తెల్ల వైను షార్డొనే అనే ద్రాక్షతో చేస్తారు, ఎర్రది పీనో న్వార్ అనే ద్రాక్షతో. మరోచోట ఎవరైనా అదే ద్రాక్షతో, అదే పద్ధతిలో చేస్తే దాన్ని బర్గండీ తరహా అంటారు. ఇదంతా నేను హోటల్ డిగ్రీలో చదువుకున్నదే, పరీక్షలో మార్కులు కూడా బాగానే వచ్చాయి. ప్రశ్నపత్రానికి వాసన ఉండదు కాబట్టి వచ్చాయి.

"అలాగే సార్" అన్నాను.

సాయంత్రం రెండు సీసాలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

"ఏమిటండీ అవి?"

"వైన్లు."

"మీకు ఈ అలవాటు ఎప్పట్నించి?"

"అలవాటు కాదు, ఉద్యోగం. రంగు చూడకుండా రెంటికీ తేడా హోటల్లో వడ్డించేవాళ్లకు చెప్పాలి. నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేస్తాం."

"దానికి ఉప్పునీళ్లు చాలవా?"

"అది కాదే. నీ ముక్కు ఎంత గొప్పదో చూద్దామని తెచ్చాను. నువ్వు చెప్పు, నేను సరిచూస్తాను."

ఆవిడ మళ్లీ నా వంక అదే చూపు చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని, బల్ల దగ్గర కూర్చుని, తెల్ల వైను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"తడిసిన సుద్దముక్క" అంది.

"ఏమిటి?"

"బోర్డు తుడిచే తడిగుడ్డలో సుద్దముక్క ఉండిపోతే వచ్చే వాసన. దాని వెనక కోసిపెట్టిన ఆపిల్. ఇంకా వెనక వెన్న కాచిన గిన్నె. అన్నిటికంటే వెనక కొత్త చెక్క బీరువా."

"బీరువా కూడానా?"

"తలుపు తీసినట్టు. లోపల బట్టలింకా పెట్టలేదు."

ఎర్రది అందించాను. ఈసారి గ్లాసును ముక్కు కింద రెండుసార్లు తిప్పింది.

"పైన చెర్రీ పండ్లు. వాటి కింద వాన పడ్డ మట్టి. పుట్టగొడుగులు. అడుగున మా నాన్న చెప్పులు."

"చెప్పులా?"

"తోలు చెప్పులండీ. వానలో తడిసి, ఎండలో ఆరినవి. గుమ్మం దగ్గర ఆ వాసన వచ్చిందంటే నాన్న ఇంట్లో ఉన్నారని లెక్క."

ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. నేను గ్లాసు తీసుకుని గట్టిగా పీల్చాను. గాజు చల్లగా ముక్కుకు తగిలింది. అంతే. ఎదురుగా కూర్చున్న మనిషికి చనిపోయిన తండ్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, నాకు గ్లాసు తప్ప ఏమీ లేదు. ఆ ఒక్క క్షణం నిజం చెప్పేద్దామనిపించింది.

"మీకెలా ఉంది?" అంది.

"అదే. సరిగ్గా అదే. చెప్పులు" అన్నాను.

"మరి రెంటికీ తేడా ఏమిటంటారు?"

"నువ్వు చెప్పు. నేను సరిచూస్తున్నాను కదా."

ఆవిడ రెండు గ్లాసుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. "తెల్లది పొద్దున్నే బడి తలుపు తీసినట్టుంది. ఎర్రది సాయంత్రం ఇల్లు చేరినట్టుంది" అంది.

నేను దాన్ని కంఠస్థం చేశాను. మా ఇంట్లో నాకంటే ముందు పుస్తకం పట్టినవాడు లేడు, చదువంటే నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. బస్టాపులో నిలబడి సుద్ద, ఆపిల్, వెన్న, బీరువా, చెర్రీ, మట్టి, పుట్టగొడుగులు, చెప్పులు అని వల్లిస్తుంటే, పక్కాయన జాలిగా చూసి, "మా ఆవిడ కూడా ఇంతేనండీ, అన్నీ ఒకేసారి తెమ్మంటుంది. బీరువా మాత్రం రేపు తెస్తానని చెప్పండి" అన్నాడు.

హోటల్లో చెప్పాల్సిన రోజుకు ముందు సాయంత్రం మా ఆవిడే పిలిచింది.

"కూర్చోండి. ఒకసారి అప్పజెప్పండి. కళ్లు మూసుకుని."

"కళ్లెందుకు?"

"రంగు తేడా ఎవరైనా చెబుతారు కదా."

కళ్లు మూసుకున్నాను. ముక్కు కింద గ్లాసు పెట్టింది. పీల్చాను. తెల్లదా ఎర్రదా? దైవాధీనం. ఎర్రదని తేల్చుకుని మొదలెట్టాను.

"పైన చెర్రీ పండ్లు. వాటి కింద వాన పడ్డ మట్టి..."

చెబుతుంటే కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. నా ఉపన్యాసం నన్నే ఇంతగా కదిలిస్తోందని ఆశ్చర్యపోయాను. చెప్పుల దాకా వచ్చేసరికి చెంపలు తడిసిపోయాయి. రేపు వడ్డించేవాళ్లందరూ కూడా ఏడుస్తారని నమ్మకం కుదిరింది.

"కళ్లు తెరవండి" అంది.

తెరిచాను. గ్లాసు నిండా సన్నగా తరిగిన ఉల్లిపాయలు.

చెంపలు తుడుచుకుని గ్లాసు పక్కకు జరిపాను.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మీరు కూర బాగుందన్న రోజున."

"అదేమిటి?"

"పెళ్లయినప్పట్నించి మీరు నా కూర బాగుందని ఒక్కసారి అన్నారా? మిరియాలు పాతవి, వెల్లుల్లి వేగలేదు, గిన్నెకు సబ్బు వాసన. అలాంటి మనిషి వరసపెట్టి అద్భుతం అద్భుతం అంటుంటే ఏమనుకోవాలి? మొదట ఇంకెవరినైనా చూసుకున్నారేమో అనుకున్నాను."

"ఛ, ఛ."

"అంత తెలివి మీకు లేదని తర్వాత గుర్తొచ్చింది. నా క్లాసులో అయిదేళ్ల పిల్లలు మీకంటే బాగా అబద్ధాలాడతారు."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"మొన్నామధ్య పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ వాసన పడకగది దాకా వచ్చింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి మీరు పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. దుంపల ధర పెరిగిందని నాకు చదివి వినిపించారు."

ఆ రోజు నాకు గుర్తుంది. మా ఆవిడ ఎందుకో కిటికీలన్నీ తెరిచి, నా భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. దుంపల ధరకు అంత బాధపడుతోందేమిటా అనుకున్నాను.

"అప్పట్నించి పాలు నేనే వాసన చూసి ఇస్తున్నాను. మీ చొక్కాలు కూడా. మీరే చెబుతారని ఆగాను. నేను భయపడతానని మీరు దాచారు. మీరు దాస్తున్నారని నాకు ఇంకా భయం వేసింది" అంది.

నా పథకంతో ఆవిడ పాతాళానికి దిగకుండా ఆపాననుకున్నాను. నిజానికి ఒక్కర్తినే పంపాను.

"రేపు పెద్దాయనకు చెప్పేయండి" అంది.

"ఉద్యోగం?"

"పోతే పోనీండి. మనిషి ఉంటే చాలు. కుండీలు మా బడిలో పెట్టుకుంటాను."

మర్నాడు పెద్దాయన గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి ఆ తేడా ఎవరు చెప్పారు?"

"మా ఆవిడ, సార్."

"ముక్కు ఎవరిదైతేనేం. ఎవరిదో చెప్పి మరీ చెప్పు. ముక్కు వచ్చేదాకా చేపలు నేను చూసుకుంటాను." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఈలోగా ఒకసారి మా ఇంటికి భోజనానికి రా. మా ఆవిడ వంట తిని బాగుందనేవాడి కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను."

వడ్డించేవాళ్ల ముందు "మా ఆవిడ ముక్కు ప్రకారం" అని మొదలెట్టాను. అందరూ నవ్వారు. బడి తలుపు, ఇల్లు చేరడం అనేసరికి నవ్వు ఆగింది. ఇప్పటికీ మా భోజనశాలలో తెల్లది బడి, ఎర్రది ఇల్లు.

మిగిలిన వైను మా ఇంటికే వచ్చింది. తెలిసిన వాసనలు రోజూ దగ్గర పెట్టుకుని, వాటిని తలుచుకుంటూ పీల్చితే మంచిదని డాక్టరు ఈసారి మా ఆవిడకు చెప్పాడు. ఇక చూసుకోండి. ప్రతి సాయంత్రం బల్ల దగ్గర కూర్చోబెట్టి ముందు తెల్లది, తర్వాత ఎర్రది. "తాగకండి. పీల్చండి. సుద్దముక్కను తలుచుకోండి" అనేది. ఒక్కోసారి ఆవిడ మొహం చూడలేక "ఆఁ, వెన్న కొంచెం తెలుస్తోంది" అనేవాణ్ణి. "అలాగా" అనేది.

అలా చాలా సాయంత్రాలు గడిచాయి. ఒక రోజు ఎర్రది ముక్కు కింద పెట్టి, "మట్టి. వాన పడ్డ మట్టి" అంటోంది.

"ఏదో మాడుతోంది" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నారు?"

"వంటింట్లో ఏదో మాడుతోంది. వెళ్లి చూడు."

ఆవిడ కదలలేదు. "ఏం మాడుతోంది?"

"రొట్టె. రొట్టె అంచు."

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేనే పరుగెత్తాను. సన్నటి సెగ మీద పెనం, పెనం మీద ఒకే ఒక్క రొట్టె ముక్క. అది చక్కగా బొగ్గవుతోంది. పొయ్యి ఆపి చూస్తే చెత్తబుట్టలో అలాంటిదే ఇంకొకటి, నిన్నటిది.

"ఇదేమిటి?"

"రోజుకొకటి" అంది గుమ్మంలోంచి, కళ్లు తుడుచుకుంటూ. "ఆ వైన్ల వాసన మీకు కంఠతా వచ్చు. వచ్చిందంటే నేనెలా నమ్మను? మీకు చెప్పని వాసన ఒకటి కావాలి. రోజూ ఈ మాడు వాసన భరించలేక, రొట్టె కాల్చడం నేర్పిస్తానని పక్కింటావిడ కబురు పెట్టింది. నేర్చుకుంటానన్నాను."

"మరి ఆ వైన్లెందుకు?"

"మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టడానికి. ఒకసారి వెళ్లి పీల్చండి."

వెళ్లి తెల్లది పీల్చాను. తల వెనక్కి లాక్కున్నాను. వైను ఎప్పుడో పులిసి వెనిగర్ అయిపోయింది.

"నిన్న సాయంత్రం అందులో మీకు వెన్న తెలిసింది" అంది.

ఆ పూట కూర వడ్డించింది. మొదటి ముద్దకే మిరియాలు, వెల్లుల్లి, వేగిన ఉల్లిపాయ, అన్నీ ఊరి నుంచి ఒకేసారి దిగిన చుట్టాల్లా వచ్చిపడ్డాయి.

"బాగుంది" అన్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "మళ్లీ పోయిందా?"

"లేదు. నిజంగానే బాగుంది."

"ముక్కు ఉన్న రోజుల్లో మీరు ఆ మాట అనలేదండీ."

అదీ నిజమే. "వెల్లుల్లి ఇంకాస్త వేగాల్సింది" అన్నాను.

ఆవిడ మొహం విచ్చుకుంది. అమ్మయ్య అని నా పక్కనే కూర్చుని తినడం మొదలెట్టింది.

అప్పట్నించి నేను పట్టుదలగా రోజూ కూర బాగుందనే అంటున్నాను. అన్నప్పుడల్లా ఆవిడ మారుమాట్లాడకుండా లేచి, వంటింట్లోకి వెళ్లి, పెనం మీద ఒక రొట్టె ముక్క వేస్తోంది.