ఉపగ్రహానికి కళ్ళ పరీక్ష

ఆకాశంలో తిరిగే ఉపగ్రహం కెమెరాకు చూపు సరిగ్గా ఉందో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో అందరూ ఆమెను కళ్ళడాక్టరు అనే పిలుస్తారు. ఆ రోజు పొద్దున్న ఆమె ఒక చేత్తో తల దువ్వుకుంటూ, ఇంకో చేత్తో కాఫీ తాగుతూ చేయాల్సిన పనిని మనసులో వల్లె వేసుకుంటోంది. ఊరి చివర తెల్లటి ఉప్పునేల ఉంది. పదిన్నరకు ఉపగ్రహం దాని మీదుగా వెళ్తూ ఫోటో తీస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక చిన్న విమానం కిందుగా ఎగురుతూ అదే నేల మెరుపును తన పరికరంతో కొలుస్తుంది. రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఉపగ్రహం చూపులో లోపం బయటపడుతుంది.

లోపం ఉందని ఆమె ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటోంది. డైరెక్టరు గారు మాత్రం, "ఉపగ్రహం బానే ఉందమ్మా. తెల్లటి నేలను చూసేసరికి నీ పరికరానికే కళ్ళు చెదురుతున్నాయి" అని కొట్టిపారేస్తున్నారు. ఆ ఫోటోలను నమ్ముకునే పొలాలకు ఎప్పుడు నీళ్ళు పెట్టాలో రైతులకు చెబుతున్నారు. విమానం దొరికింది ఈ ఒక్క పూటకే.

"అమ్మాయ్, మధ్యాహ్నం భోజనానికి వస్తావా?" వంటింట్లోంచి అత్తగారు అడిగారు.

"రాను అత్తయ్యా. పదిన్నరకి ఉపగ్రహం ఉప్పునేల మీదికొస్తుంది. ఆ టైముకి అక్కడ పురుగు కూడా ఉండకూడదు."

"మరి నువ్వో?"

"నేనుండాలిగా! నా ఉద్యోగమే అది" అంటూ ఎర్ర గొడుగు చంకలో పెట్టుకుని ఆమె వెళ్ళిపోయింది.

అత్తగారు గరిటె పట్టుకుని కొయ్యబారిపోయారు. ఉపగ్రహం నేల మీదికొస్తుందట. పురుగు కూడా మిగలదట. కోడలు మాత్రం సరిగ్గా దాని కింద నిలబడుతుందట! గరిటెతోనే వీధి దాటి, ఎదురింటి రిటైర్డ్ బస్సు డ్రైవరు తలుపు బాదారు.

"అన్నయ్యగారూ, ఉపగ్రహం ఊడి పడిపోతోందట! మా అమ్మాయిని కింద కాపలా పెట్టారు!"

డ్రైవరు ఆ మాట మంగలి షాపులో చెప్పాడు. షాపు నుంచి బయటికొచ్చేసరికి ఉపగ్రహం బస్సంత బరువుంది. బేకరీ దగ్గరికి చేరేసరికి రెండు బస్సులంత అయింది.

అక్కడ ఉప్పునేల అంచున కళ్ళడాక్టరు పైలట్‌తో ఫోన్లో మాట్లాడుతోంది.

"దారి చూపించే తెర పొద్దుట్నుంచీ మొరాయిస్తోంది మేడమ్. చోటు ఎలా గుర్తుపట్టను?"

"చుట్టుపక్కల ఎవరూ ఉండరు. ఎర్ర గొడుగుతో ఒక్క మనిషి కనిపిస్తుంది. ఆ గొడుగు మీదుగా వచ్చేయండి."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగి చూసింది. ఆటోల్లో, స్కూటర్ల మీద, నడిచి, ఉపగ్రహం పడటం చూద్దామని కేకలేస్తూ ఊరు ఊరంతా వస్తోంది. ముందు వరసలో గరిటెతో అత్తగారు.

"అయ్యా, ఏదీ పడదు! వెళ్ళిపోండి!" ఆమె గొంతు చించుకుంది.

"ఇలాగే అంటారు" అన్నాడు డ్రైవరు అందరికీ వినబడేలా. "మా బస్సుకి బ్రేకులు పోయిన రోజు, ఏం కాలేదు కూర్చోండని నేనూ చెప్పాను."

జనం ఇంకా ముందుకు జరిగారు. తెల్లటి నేల మీద అప్పుడే చెప్పుల గుర్తులు పడుతున్నాయి. ఇక లాభం లేదని ఆమె తెగించింది.

"సరే, పడుతుంది! ఇక్కడ కాదు, ఆ గోడౌన్ల దగ్గర!"

జనమంతా ఒక్క ఉదుటున అటు పరుగెత్తారు. అత్తగారు మాత్రం కదల్లేదు.

"నువ్వు రాకుండా నేను వెళ్ళను."

"మీరు వెళ్ళి మంచి చోటు పట్టుకోండి అత్తయ్యా. వెనకే వచ్చేస్తాను."

"ఎండ మండిపోతోంది, అదిలా ఇవ్వు" అని చేతిలో ఒకటి పెట్టి, ఇంకొకటి లాక్కుని అత్తగారు కూడా వెళ్ళారు. కళ్ళడాక్టరు నిట్టూర్చి, ఖాళీగా మెరుస్తున్న నేలను చూసి మురిసిపోయింది. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. చేతిలో గొడుగు లేదు, గరిటె ఉంది.

విమానం రానే వచ్చింది. ఉప్పునేలను పట్టించుకోకుండా తిన్నగా గోడౌన్ల మీదికి దూసుకెళ్ళింది.

"అదిగో పడుతోంది!" అని జనం కేకలు పెడుతూ పక్కనే ఉన్న లారీల యార్డులోకి, నల్లటి తారు మీదికి పరుగు తీశారు. ఎర్ర గొడుగు అందరికంటే ముందుంది. విమానం చక్కర్లు కొట్టి యార్డు మీదికి వచ్చింది. జనం మళ్ళీ వెనక్కి తిరిగారు.

ఫోన్ మోగింది. "మేడమ్, ఎందుకలా పరుగెడుతున్నారు? కాస్త ఒకచోట నిలబడండి!"

"అది నేను కాదండీ, మా అత్తగారు!"

"మరి ఎవరి మీద ఎగరమంటారు?"

"ఎవరి మీదా వద్దు! తెల్ల నేల మీద! గరిటె ఊపుతున్నాను, కనబడుతోందా?"

కనబడింది. విమానం ఉప్పునేల మీదుగా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే జనం కూడా దాని మధ్యలోంచి ఇళ్ళకు పారిపోయారు. ఎక్కడో అంతెత్తున, ఎవరి కంటికీ కనబడకుండా, ఉపగ్రహం ఉప్పునేలతో పాటు గోడౌన్లూ యార్డూ కూడా పడేలా ఫోటో తీసి వెళ్ళిపోయింది.

సాయంత్రం డైరెక్టరు గారు పిలిపించారు. రాజీనామా చేయమంటారేమో, ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు ఎలా చెప్పాలా అని ఆలోచించుకుంటూ ఆమె గదిలోకి వెళ్ళింది.

"గోడౌన్ల బూడిదరంగు కప్పుల మీద ఎందుకు ఎగిరించావు? నల్ల తారు మీద ఎందుకు?"

"సార్, ఆ గొడుగు..." అని ఆమె మొదలుపెట్టింది.

"ఒక్క తెల్లనేలనే కొలిచుంటే, నీ పరికరానికి కళ్ళు చెదిరాయని మళ్ళీ అదే మాట అనేవాణ్ణి" అన్నారాయన కుర్చీలోంచి లేస్తూ. "నలుపు చూసి ఎవరి కళ్ళు చెదురుతాయమ్మా? మూడు చోట్లా ఒకటే పాళ్ళలో తేడా వచ్చింది. లోపం ఉపగ్రహానిదే, ఒప్పుకుంటున్నాను. ఎంత ముందుచూపు నీది!"

"అంతా మా అత్తగారి చలవ సార్."

పెద్దల పట్ల ఈ అమ్మాయికి ఎంత గౌరవమో అని ఆయన మరింత మెచ్చుకున్నారు. వారం తిరగకుండా ఉపగ్రహం లెక్కలు సరిదిద్దారు. నివేదిక పై ఆఫీసులకు కూడా వెళ్ళింది. ఉప్పునేల ఫోటో కింద చిన్న అక్షరాలతో ఒక వివరణ ఉంది: "మధ్యలో కనిపించేది స్వభావం తెలియని, కదిలే మచ్చ, లెక్కలోకి తీసుకోనవసరం లేదు."

ఆ మచ్చలో తానూ ఉన్నానని అత్తగారికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.