మట్టిలో కలిసినందుకు మెమో

ఒక వస్తువు మట్టిలో కలిసిపోయిందని రుజువు చేయాలంటే, ముందుగా ఆ వస్తువును చూపించాలి. 1997లో మానవజాతికి ఈ సత్యాన్ని ప్రసాదించిన ఘనత రాయపూర్‌లో, టాటీబంధ్ కూడలి దాటాక ఉన్న మట్టిలో కలిసే ప్లాస్టిక్ పరీక్షా కేంద్రానిది.

అక్కడ నూకరాజు ఆరేళ్లుగా టెంపరరీ టెక్నీషియన్. మార్చి ముప్పై ఒకటిలోగా ఒక్క నమూనా పాసైతే పర్మనెంటు, లేకపోతే ఇంటికే. పక్కనున్న తిల్దా ఊరి బియ్యం మిల్లుల నూకల పిండినీ, మట్టిలో కరిగే ఒక ప్లాస్టిక్కునూ కలిపి పల్చటి సంచి తయారుచేయడం అతని పని. సాగదీయకుండా తీసిన సంచి అరకిలో బియ్యానికే చిరిగింది. రెండింతలు సాగదీస్తే గట్టిపడింది గానీ, వదలగానే ముడుచుకుపోయింది. లాగిపట్టి పది నిమిషాలు వేడి చూపిస్తే బుద్ధిగా నిలిచింది. అతిగా లాగి అతిగా కాస్తే మాత్రం నీటి చుక్కను కూడా లోపలికి రానివ్వదు, ఇక కరగదు. ఎంత లాగాలో, ఎంత కాచాలో ఆరేళ్లపాటు నోటుబుక్కులో రాసుకుని, చివరికి అయిదు కిలోలు మోసి మూడు నెలల్లో మాయమయ్యే సంచి చేశాడు. పాతిన గోతిని డిసెంబరులో తవ్వితే ఏమీ లేదు. ఆనందంతో కళ్లనీళ్లు తిరిగాయి.

నాలుగో రోజున మెమో వచ్చింది. పన్నెండో ఫారం ప్రకారం, పరీక్ష ముగిసిన నమూనాను బరువు తగ్గకుండా స్టోరుకు అప్పగించాలి. ప్రభుత్వ నమూనాను పోగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

"కరగడానికే కదా పాతింది, పరదేశిగారూ!" అన్నాడు నూకరాజు స్టోర్‌కీపరు పరదేశితో.

"కరగనీ, నాకేం ఫరక్ పడదు. కరిగిన మాల్ తెచ్చి టేబుల్ మీద పెట్టు, రసీదు ఇస్తాను."

నూకరాజు గోతిలోని మట్టిని బకెట్‌తో తెచ్చి పెట్టాడు. మట్టి తోటల విభాగానిది కనుక, అనుమతి లేకుండా తరలించినందుకు రెండో మెమో వచ్చింది. (డైరెక్టరు దయగల మనిషి. రెండు మెమోలకూ ఒకే సంజాయిషీ చాలన్నాడు.)

పరదేశికి జాలేసింది. "అరే రాజూ, బాగా లాగు, బాగా కాచు. కరగనిది పాతు. నౌకరీ పక్కా."

"అది తప్పు కదండీ?"

"తప్పని ఏ ఫారంలో ఉందిరా?"

నూకరాజు ఫారాలన్నీ వెతికాడు. ఎక్కడా లేదు. కొత్త సంచిని నాలుగింతలు లాగి, రోజంతా ఓవెన్‌లో ఉంచి పాతాడు.

మార్చి ముప్పైన కమిటీ ముందు తవ్వితే సంచి పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ బయటికి వచ్చింది. కడిగి తూచారు. గ్రాము తగ్గలేదు. 'మట్టిలో కలిసే గుణం సంపూర్ణం' అని సర్టిఫికెట్ రాశారు. నూకరాజు పర్మనెంటయ్యాడు. పాసైన నమూనాతో పొసగని పాత కొలతలను నాశనం చేయవలసిందిగా కూడా కమిటీ ఆదేశించింది.

నూకరాజు నోటుబుక్కును తన చేత్తోనే అదే గోతిలో పాతాడు. ఆ పూట అన్నం సయించలేదు. వానలు వెలిశాక ఉండబట్టలేక తవ్వి చూశాడు. ఏమీ లేదు.

ఆరేళ్ల పని పోయింది కదా, ఈసారి కూడా మెమో వస్తుందని వారం రోజులు ఎదురుచూశాడు. రాలేదు.